నీలం చారల గుడ్డ

స్వీపరమ్మ చెయ్యి భుజం దాకా బడి బాత్రూముల వెనక మురుగు గుంటలో ఉంది. అసెంబ్లీ ఆపించి, బడి బడంతటినీ వరసల్లో నిలబెట్టి, ఆ పని మా కళ్ళ ముందే చేయించారు. చేతికి తొడుగు లేదు. ఆవిడ మొహం పక్కకి తిప్పుకుని, పళ్ళు బిగబట్టి, లోపల తగిలిందేదో పట్టుకుని లాగింది. నల్లటి ముద్ద ఒకటి బయటికొచ్చింది.

"నీళ్ళు కొట్టు" అన్నాడు ఫ్యాక్టరీ సెక్యూరిటీ ఆఫీసరు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

వాచ్‌మన్ రబ్బరు పైపు తెచ్చి పట్టాడు. మా బాత్రూముల్లోకి ఏనాడూ రాని నీళ్ళు ఆ ముద్ద మీదికి మాత్రం ధారగా వచ్చాయి. నలుపు వదిలింది. కింద నుంచి నీలం చారలు బయటపడ్డాయి.

నా పక్కన నిలబడ్డ పిచ్చుక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సన్నగా, బెదురుచూపులు చూస్తూ ఉంటుందని దాన్ని అందరం అలాగే పిలిచేవాళ్ళం. నాకేమో గొంతు పెద్దదని మైకు అని పేరు పెట్టారు. పిచ్చుక చెయ్యి కాలిపోతోంది, వణికిపోతోంది. ఆ వణుకు చూడగానే నాకు సంగతి అర్థమైంది. ఆ నెలసరి గుడ్డ దానిదే.

గుడ్డ ఎవరిదైతే ఏమిటని మీరు అడగొచ్చు. రోడ్డుకి అటు చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ, ఇటు ఆ ఫ్యాక్టరీ వాళ్ళే నడిపే మా ఆడపిల్లల బడి. మా అమ్మలు అటు వెళ్ళేవాళ్ళు, మేము ఇటు వచ్చేవాళ్ళం. ఆ రోజుల్లో విదేశాలకు వెళ్ళే చొక్కాలకి నీలం చారల గుడ్డ వాడేవాళ్ళు. కటింగ్ బల్లల కింద రాలిపడ్డ ముక్కల్ని గోనెల్లో కుక్కి వెనకాల కాల్చేసేవాళ్ళు. కాల్చేస్తే తప్పు లేదు గానీ, ఆడది ఒక ముక్క పట్టుకెళ్తే దొంగతనం. అంతకు ముందే ఒక హెల్పరమ్మ గుప్పెడు ముక్కలతో గేటు దగ్గర దొరికిపోతే, చంటిపిల్లతో సహా జీపెక్కించారు. తర్వాత ఫ్యాక్టరీ వాళ్ళు ఆవిడకిచ్చిన లైను గది ఖాళీ అయింది, అంతే తెలుసు మాకు.

ఆఫీసరు బూటు కాలితో ఆ గుడ్డని మా వైపు తోశాడు.

"ఇది మా కటింగ్ సెక్షన్ గుడ్డ. కాళ్ళొచ్చి నడిచి రాలేదుగా ఇక్కడికి! ఏ పిల్ల పడేసిందో ఆ పిల్ల తల్లి దొంగ. రేపు పొద్దున బెల్లు కొట్టేలోపు ఎవరో వచ్చి చెప్పాలి. చెప్పలేదనుకో, గేటు దగ్గర మీ అమ్మల్ని తనిఖీ చేసే ఆవిడని తీసుకొస్తాను. ఒక్కొక్కర్నీ గదిలోకి పంపించి ఒళ్ళు వెతికిస్తాను. ఎవరు వాడుతున్నారో అదే తేలుతుంది."

పెద్ద టీచరు నేల చూపులు చూస్తూ తల ఊపింది. తలలు దించుకుని ఎవరి స్కర్టు వెనక వాళ్ళు తడుముకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది గానీ, అప్పుడు మాత్రం సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆ రోజు క్లాసులో ఏం చెప్పారో ఎవరికీ ఎక్కలేదు. తిండి గంటప్పుడు పిచ్చుకని గోడ చాటుకి లాక్కెళ్ళాను.

"గుంటలో ఎందుకు పడేశావే?"

"బాత్రూముకి గడియ లేదు కదే. బయట ఎవరో తలుపు తోస్తున్నారు. బక్కెట్లో చుక్క నీళ్ళు లేవు. సంచి క్లాసులో మర్చిపోయా." దాని పళ్ళు టకటకలాడుతున్నాయి. "పల్చటి గుడ్డే కదా, కాగితంలా కరిగిపోతుందనుకున్నా."

నవ్వకండి. కరగదని దానికి ఎవరు చెప్పారు గనక? సైన్సు పుస్తకంలో ఆ పాఠం ఉంది. మా సైన్సు టీచరు అక్కడికి రాగానే పేజీలు గబగబా తిప్పేసి, "ఇది ఇంట్లో చదువుకోండి" అంది. ఇంట్లో అడిగితే అమ్మలు "అలాంటివి పైకి మాట్లాడకూడదు" అన్నారు. మొదటిసారి నెలసరి వచ్చినప్పుడు నాకు కేన్సర్ వచ్చిందనుకుని, చెప్పడానికి భయపడి రెండు రోజులు ఏడ్చాను. మిగతా పిల్లలూ అంతే. ఒకరి భయం ఒకరం చెప్పుకుని, అదే చదువనుకున్నాం.

"నేను చెప్పేస్తానే" అంది పిచ్చుక.

"చెప్తే మీ అమ్మని జీపెక్కిస్తారు."

"చెప్పకపోతే రేపు అందర్నీ చూస్తారు కదే!"

గొంతు పెద్దదైనంత మాత్రాన బుర్రలో ఏదో ఉంటుందని కాదు. పిచ్చుకకి నాన్న లేడు. వాళ్ళమ్మ ఉద్యోగం పోతే గది పోతుంది, బడి పోతుంది, వాళ్ళమ్మ జైల్లో ఉంటే ఇది ఎక్కడుంటుంది? ఇంటికి నడుస్తుంటే అది దారి పొడుగునా కాళ్ళు ఈడుస్తూనే ఉంది. ఏమైందని అడిగితే తొడలు ఒరుసుకుపోయి మండుతున్నాయని చెప్పింది.

సాయంత్రం షిఫ్టు వదిలాక అమ్మలందరూ లైను గదుల మధ్య ఉన్న కుళాయి దగ్గర చేరారు. నీళ్ళ కోసం చేరారు గానీ బిందెలు ఖాళీగానే ఉన్నాయి. బళ్ళో జరిగిన సంగతి మా కంటే ముందే ఫ్యాక్టరీ లోపల తిరిగొచ్చింది.

కాలర్లు కుట్టే అత్త ముందు నోరు విప్పింది. "ఎవరి పిల్లో వాళ్ళు ఒప్పేసుకుంటే మంచిది. ఒక్కర్తి కోసం ఇంతమంది కూడు పోగొట్టుకుంటామా?"

"ఏం వదినా, మీ ఇంట్లో లేవా చారల గుడ్డలు?" అంది కాజాల పిన్ని. చొక్కాలకి కాజాలు తీసే మనిషి, ఎంత కష్టంలోనైనా నోటికి తాళం వేసుకోదు. "నా దగ్గరున్నాయి. వెతికితే మీ గడపలోనూ దొరుకుతాయి. పరుపులు కుట్టుకోవడానికి తెచ్చుకున్నామా మనం?"

"అందుకే అంటున్నా, ఇల్లిల్లూ వెతక్కముందే తెంచేద్దాం అని!"

"తెంచడమంటే ఒకదాని మెడ తెంచడమేగా?"

మాట మీద మాట లేచింది. పిల్లల్ని బడి మానిపిద్దామని ఒకరు, మేనేజరు కాళ్ళు పట్టుకుందామని ఒకరు. అంతలో పిచ్చుక వాళ్ళమ్మ బిందె కింద పెట్టి లేచి నిలబడింది. దారాలు కత్తిరించే పని ఆవిడది. ఫ్యాక్టరీలోనే కాదు, లైన్లలో కూడా ఆవిడ గొంతు విన్నవాళ్ళు తక్కువ.

"మా పిల్లే. పొద్దున నేనే వెళ్ళి చెప్పేస్తాను. మీరు కొట్టుకోకండి."

కాలర్ల అత్త మొహం మాడిపోయింది. నేను ఆగలేకపోయాను. "ఎందుకు చెప్పాలి? బాత్రూముకి గడియ పెట్టనివాళ్ళని అడగరేం? నీళ్ళు ఇవ్వనివాళ్ళని అడగరేం?"

"నువ్వు నోర్మూసుకోవే" అంది మా అమ్మ. మా అమ్మ మిషన్ ఆపరేటరు, ఫ్యాక్టరీలో సూపర్‌వైజరే ఆవిడకి కాస్త జంకుతాడు. నేను నోరు మూసుకున్నాను.

అప్పుడు పిచ్చుక కుళాయి గోడకి ఆనుకున్నది ఆనుకున్నట్టే కిందికి జారిపోయింది. మా అమ్మ ఒక్క అంగలో వెళ్ళి దాని నుదురు పట్టుకు చూసింది. పక్కకి తీసుకెళ్ళి ఏదో అడిగి, తిరిగొచ్చేసరికి అమ్మ మొహం వేరేగా ఉంది.

"ఉతికిన గుడ్డ ఎక్కడ ఆరేస్తున్నావే, తల్లీ?"

"ట్రంకు పెట్టె వెనకాల."

"ఆరుతోందా అక్కడ?"

"ఆరదు పెద్దమ్మా. తడిగానే పెట్టుకుంటున్నా."

వాళ్ళమ్మ నెత్తి కొట్టుకుంది. "నేనే అక్కడ పెట్టమన్నాను. ఎవరి కంటా పడకూడదని నేనే చెప్పాను."

"మా పిల్ల తడి స్కర్టు కింద దాచి ఆరేస్తుంది" అంది ఎవరో. "మా పిల్ల కట్టెల చాటున" అంది ఇంకొకావిడ. ఒక్కో ఇంటి చీకటి మూల ఒక్కొక్కటీ బయటికొచ్చింది. అన్ని ఇళ్ళల్లోనూ అదే తడి, అదే వాసన, అదే దురద. ఎవరికి వాళ్ళు తమ పిల్ల ఒంటికే ఏదో తేడా ఉందనుకుని లోలోపల కుమిలిపోతున్నారు.

"మగాడి కంట పడకూడదని మా అమ్మ చెప్పేది" అంది ఇస్త్రీ సెక్షన్ మామ్మ, తప్పు చేసినదానిలా. "చూసినవాడి కళ్ళు పోతాయట."

"అయితే ఇంకేం మామ్మా!" అంది కాజాల పిన్ని. "ఆ ఆఫీసరు కళ్ళ ముందే ఆరేద్దాం. పీడా పోతుంది!"

ఇంత భయంలోనూ అందరూ గొల్లున నవ్వారు. మా అమ్మ మాత్రం నవ్వలేదు.

"మళ్ళీ అను."

"ఏదో నోరు జారి అన్నాలే అక్కా."

"కాదు. గేటు దగ్గర తనిఖీ చేసే ఆవిడ మనల్ని ఎక్కడిదాకా చూసి చెయ్యి ఆపుతుంది?"

అది అందరికీ తెలిసిందే. ముక్కలు బయటికి తెచ్చే దారి ఆ లైన్లలో ఒక్కటే ఉండేది. వాటిని నెలసరి గుడ్డలా కట్టుకుని, గేటు దగ్గర "నెలొచ్చిందమ్మా" అనేవాళ్ళు. తనిఖీ ఆవిడ చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకుని పొమ్మనేది. హెల్పరమ్మ ఎందుకు దొరికిందయ్యా అంటే, పాలిచ్చే తల్లికి నెలసరి ఎక్కడిదని తనిఖీ ఆవిడ ఆ మాట నమ్మకపోబట్టే.

"ఆడదే ముట్టుకోవడం లేదు" అంది అమ్మ. "ఆ మగాళ్ళు ముట్టుకుంటారా? ముట్టుకోకుండా దొంగసొత్తని ఏం పట్టుకెళ్తారు? ఒక్క పిల్లది దొరికితే అది దొంగ. అన్ని ఇళ్ళవీ రోడ్డు మీద ఆరేస్తే ఎవర్ని పట్టుకుంటారు?"

"సిగ్గు లేకుండా?" అంది కాలర్ల అత్త.

"రేపు నీ కూతుర్ని గదిలోకి తీసుకెళ్ళి చూస్తే అది సిగ్గు కాదా?"

లైన్ల చివరి గదిలో అద్దెకుండే సైన్సు టీచరు బక్కెట్ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరం చూడలేదు.

"ఆ పిల్లని ముందు డాక్టరుకి చూపించండమ్మా" అంది. "తడి గుడ్డ వల్ల ఒరిసి పుండ్లు పడి ఉంటాయి, చీము పట్టిందేమో. సబ్బుతో ఉతకాలి. ఎండలో ఆరెయ్యాలి. పూర్తిగా ఎండాకే మళ్ళీ వాడాలి. కొంచెం తడి ఉన్నా వాడకూడదు."

"ఈ ముక్క క్లాసులో ఎందుకు చెప్పలేదు టీచర్?" అన్నాను. ఈసారి అమ్మ నా నోరు మూయించలేదు.

"ఆ పాఠం వద్దని పెద్ద టీచరు చెప్పారు. నాదీ ఉద్యోగమేనమ్మా."

"రేపు మాతో నిలబడతారా?"

టీచరు బక్కెట్ నింపుకోకుండానే వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళి ఆఫీసరుకి చెప్పేస్తుందేమోనని మాకు ఇంకో భయం పట్టుకుంది.

పొద్దున్నే బడి ముందు చేరాం. రోడ్డు వెంబడి ఇనుప కంచె ఉంటుంది, అవతల ఫ్యాక్టరీ గేటు. ఉతికిన తడి గుడ్డ నా కంపాస్ బాక్సులో ఉంది. కుట్టుమిషన్ల దగ్గర వంగి ఇది వింటున్న అక్కల్లారా, బెంచీల మీద కూర్చున్న చెల్లెళ్ళారా, మాకు రాత్రికి రాత్రే ధైర్యం వచ్చిందని మీకు చెబితే అది అబద్ధం. అన్ని మాటలు మాట్లాడినదాన్ని, కంచె దగ్గరికి ఒక్క అడుగు వెయ్యలేకపోయాను. ఏ పిల్లా వెయ్యలేకపోయింది.

"తప్పుకోండే" అంది పిచ్చుక. దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి వాళ్ళమ్మ భుజం పట్టుకుని నిలబడి ఉంది. అది విడిపించుకుని కంచె దాకా వెళ్ళి, నీలం చారల గుడ్డ ఒకటి తీసి, రెండు చేతులతో దులిపి, ముడి వేసింది. ముడి పడటానికి చాలాసేపు పట్టింది. దాని పక్కన నేను కట్టాను. తర్వాత ఎవరు ఎప్పుడు కట్టారో తెలియదు. నెలసరి ఇంకా మొదలుకాని చిన్నపిల్లలు కూడా అమ్మలవి తెచ్చి కట్టారు. షిఫ్టుకి వచ్చిన అమ్మలు రోడ్డు దాటి ఇటొచ్చారు. పాత దుప్పటి ముక్కలు, చిరిగిన లంగాల ముక్కలు, వాటి మధ్య ఎటు చూసినా నీలం చారలు. కాలర్ల అత్త అందరికంటే చివర వచ్చింది, ఎవరి మొహమూ చూడకుండా రెండు కట్టింది.

ఆఫీసరు జీపు దిగి నోరెళ్ళబెట్టాడు.

"ఏంటీ అసహ్యం? తియ్యండి! ఏయ్ వాచ్‌మన్, తీసి పారెయ్!"

వాచ్‌మన్ రెండడుగులు ముందుకేసి, నాలుగడుగులు వెనక్కేశాడు. "నావల్ల కాదు సార్."

"డ్రైవర్!"

"నేను బండి తోలేవాణ్ణి సార్" అన్నాడు డ్రైవరు, అద్దం తుడవడం మొదలుపెట్టి.

ఆఫీసరు వాచ్‌మన్ లాఠీ లాక్కుని ఒక గుడ్డ కొస పైకెత్తబోయాడు. గాలికి అది ఎగిరి ఆయన మణికట్టుకి తగిలింది. లాఠీ పారేసి చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. కాజాల పిన్ని పకపకా నవ్వింది. ఆ నవ్వు గుంపంతా పాకింది గానీ, ఆయన గుడ్లురిమి చూసేసరికి సగంలోనే ఆగిపోయింది.

"నువ్వు తియ్యి" అన్నాడు స్వీపరమ్మతో.

ఆవిడ చీపురు కింద పెట్టింది. "నిన్న పెట్టాను సార్ చెయ్యి. ఇక పెట్టను." వచ్చి మా పక్కన నిలబడింది.

గేటు దగ్గర తనిఖీ చేసే ఆవిడని పిలిచాడు. పిల్లల్ని ఒక్కొక్కర్నీ గదిలోకి తీసుకెళ్ళమన్నాడు. ఆవిడ మా వరసని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, చేతులు వెనక్కి కట్టుకుంది.

"పసిపిల్లలు సార్ వీళ్ళు" అంది.

సరిగ్గా అప్పుడే షిఫ్టు సైరన్ కూసింది. ఏళ్ళ తరబడి ఆ కూతకి పరిగెత్తిన మా అమ్మల కాళ్ళు వాళ్ళకి తెలియకుండానే గేటు వైపు కదిలాయి. ఇస్త్రీ మామ్మ అడుగు వేసేసింది కూడా. మా అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. మామ్మ పక్కావిడ చెయ్యి పట్టుకుంది. సైరన్ కూసి కూసి ఆగింది. ఫ్యాక్టరీలోకి ఒక్కరూ వెళ్ళలేదు.

"తనిఖీ వద్దు!" అంది మా అమ్మ.

నా పేరు మైకు కదా. "నీళ్ళు కావాలి!" అని అరిచాను. "గడియ కావాలి!" అని పిల్లలు అరిచారు. బడి గుమ్మంలో పెద్ద టీచరు వెనక నిలబడి ఉన్న సైన్సు టీచరు మెట్లు దిగి వచ్చింది. చేతిలో పుస్తకం ఉంది. ఎవరి వైపూ చూడకుండా, మేము ఇంట్లో చదువుకోవాల్సిన ఆ పాఠం మొదటి వాక్యం నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది. తడబడి ప్రతి మాటా రెండుసార్లు పలికింది, అయినా ఆపలేదు. అది రోగం కాదని, మైల కాదని, ఎదిగే ప్రతి ఆడపిల్ల ఒంట్లో జరిగేదేనని మా అమ్మలు నడిరోడ్డు మీద నిలబడి మొదటిసారి విన్నారు. పిచ్చుక వాళ్ళమ్మ నిశ్శబ్దంగా ఏడుస్తూ కూతుర్ని పట్టుకుని ఆసుపత్రి వైపు నడిచింది. ఆ గుడ్డ ఎవరిదని వాళ్ళని ఎవరూ అడగలేదు, అడిగే దారి లేకుండా పోయింది.

పోలీసు జీపు వచ్చాక పాఠం ఆగింది.

"దొంగసొత్తేదీ?" అన్నాడు ఎస్సై.

ఆఫీసరు కంచె చూపించాడు. ఎస్సై కానిస్టేబుల్ వైపు చూశాడు. కానిస్టేబుల్ ఆకాశం వైపు చూశాడు.

"సరే, ఇదంతా ఎవరు పెట్టించారు?"

ఆఫీసరు వేలు గుంపంతా తిరిగి మా అమ్మ మీద ఆగింది.

రాత్రంతా పిచ్చుక వాళ్ళమ్మ కోసం భయపడ్డాను. జీపు మా అమ్మ కోసం వస్తుందని ఒక్కసారి కూడా తట్టలేదు. ఇద్దరు కానిస్టేబుళ్ళు రెక్కలు పట్టుకున్నారు. ఆడవాళ్ళు అడ్డం పడ్డారు, తోపులాటలో ఇస్త్రీ మామ్మ కింద పడింది. నేను "అమ్మా" అని అరుస్తూ జీపు వెనక తలుపు పట్టుకున్నాను. అంత పెద్ద నా గొంతూ ఆ ఒక్క మాటకి తప్ప పనికి రాలేదు.

అమ్మ మొహం పాలిపోయి ఉంది. అమ్మ కూడా భయపడుతుందని అప్పుడే నాకు తెలిసింది. వంగి నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

"ఏడవకు. గుడ్డలు ఎండేదాకా తియ్యనివ్వకండి. పూర్తిగా ఎండాలి, విన్నావా?"

జీపు వెళ్ళిపోయింది. ఆ వెనకాలే పెద్దవాళ్ళు కొందరు స్టేషన్‌కి బయల్దేరారు. మిగిలినవాళ్ళం కంచె కింద నేల మీద కూర్చున్నాం. ఆఫీసరు గేటు లోపలికి వెళ్ళి ఫోన్లు చేస్తున్నాడు. ఇంకో జీపు వస్తుందని మాకు తెలుసు. ఆ రోజు మబ్బు పట్టింది, ఎండ వస్తూ పోతూ ఉంది. చిన్నపిల్లలు నన్ను ఆనుకుని కూర్చున్నారు. మధ్యాహ్నానికి రెండో షిఫ్టు సైరన్ కూసింది. ఆ షిఫ్టు ఆడవాళ్ళు కూడా రోడ్డు దాటి ఇటే వచ్చి మా పక్కన చోటు చూసుకున్నారు.

చిన్నపిల్ల ఒకతె లేచి నిలబడింది. "అక్కా, ఇంక ఇంటికి వెళ్దామా? భయమేస్తోంది."

స్వీపరమ్మ లేచి, పిచ్చుక కట్టిన నీలం చారల గుడ్డ అంచు రెండు వేళ్ళతో నలిపి చూసింది.

"ఇంకా తడిగానే ఉంది" అంది. "కూర్చోండి."